పగడాల ట్యాంకుకు లైటు: కొనే ముందు ఏం కొలవాలి, కొన్నాక ఎలా సర్దాలి

రీఫ్ ట్యాంకుకు లైటు కొనేవాళ్లు షాపులో మొదట అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. వాట్లు కరెంటు బిల్లుకు సంబంధించిన లెక్క. పగడానికి కావాల్సిన లెక్కలు వేరే మూడున్నాయి: అది కూర్చున్న చోట ఎంత కాంతి పడుతోంది, ఆ కాంతి ట్యాంకంతా సమంగా పరుచుకుంటోందా, రోజుకు ఎన్ని గంటలు పడుతోంది. ఈ మూడూ తేల్చుకున్నాక కంపెనీ పేరు గురించి ఆలోచించవచ్చు.

పగడం కణాల్లో జూక్సాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు ఉంటుంది. అది కాంతితో చక్కెరలు తయారుచేసి, అందులో పెద్ద వాటా పగడానికే ఇస్తుంది. కాంతి చాలకపోతే పగడం ఆకలితో చిక్కిపోతుంది. మరీ ఎక్కువైతే నాచు లోపల హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగుపడతాయి, పగడం ఆ నాచునే బయటికి తోసేస్తుంది. తెల్లబారడం అంటే ఇదే. తక్కువ కాంతి పగడాన్ని నెలల తరబడి నీరసపెడుతుంది, ఎక్కువ కాంతి మూడు నాలుగు రోజుల్లోనే తెల్లగా చేసేస్తుంది. అందుకే ఏ సెట్టింగు దగ్గరైనా సందేహం వస్తే తక్కువ వైపే మొగ్గండి.

ఈ కాంతిని కొలిచే లెక్కను పార్ అంటారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే కాంతి ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతోందో అది చెబుతుంది. ఉష్ణమండల సముద్రం మీద నిట్టమధ్యాహ్నం ఇది 2000 దాకా పోతుంది. ఆ అంకె చూసి కంగారు పడొద్దు, ఇంటి ట్యాంకులో దాని దరిదాపుల్లోకి కూడా వెళ్లనక్కర్లేదు.

ఉదాహరణకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకు తీసుకుందాం. లోపల సుమారు 190 లీటర్లు పడుతుంది. అడుగున రెండంగుళాల ఇసుక, పైన అంగుళంన్నర ఖాళీ పోగా, నీటి మట్టం నుంచి ఇసుక దాకా పద్నాలుగున్నర అంగుళాలు.

మొదటి మెట్టు: ఏ పగడాలు పెంచబోతున్నారో రాసుకోండి

ఆంధ్రా, తెలంగాణల్లో ట్యాంకు పెట్టేవాళ్లకు ఈ మెట్టు దగ్గరే సగం నిర్ణయం అయిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు కూడా అదే జాబితాలో ఉన్నాయి. అంటే ఆక్రోపోరా, మాంటిపోరా, టార్చ్, హామర్ లాంటివి షాపులో దొరికినా చేయి పెట్టకూడదు. మష్రూమ్స్, జోవాంథిడ్స్, లెదర్ కోరల్స్, జీనియా, కెన్యా ట్రీ ఆ జాబితాలో లేవు. అవి కొన్నా బిల్లు తీసుకుని దాచుకోండి.

దీని వల్ల జేబుకు ఒక లాభం కూడా ఉంది. ఈ మెత్తటి పగడాలకు పెద్ద లైటు అక్కర్లేదు. అమెరికా వీడియోలు చూసి ఎస్‌పీఎస్ (ఆక్రోపోరా లాంటి చిన్న పాలిప్‌ల గట్టి పగడాలు) ట్యాంకులకు వాడే ఖరీదైన లైటు తెప్పించి, దాన్ని ముప్పై శాతం మీద నడుపుతూ కూర్చోవడం డబ్బు దండగ. అమెరికా, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఉండి, అక్కడి చట్టం ప్రకారం ఫార్ములో పెంచిన ఫ్రాగ్స్ (పగడం నుంచి కోసిన చిన్న ముక్కలు) కొనుక్కునే మనవాళ్లకు మాత్రం కింది లెక్కలన్నీ పనికొస్తాయి.

మామూలు మష్రూమ్స్‌కు 30 నుంచి 75 పార్ చాలు. రికార్డియా, రోడాక్టిస్ 50 నుంచి 100 దాకా ఇష్టపడతాయి. జీనియా, లెదర్, జోవాంథిడ్స్‌కు 75 నుంచి 150 వరకు పెట్టవచ్చు. ఎల్‌పీఎస్‌లో, అంటే పెద్ద పాలిప్‌ల గట్టి పగడాల్లో, అకాన్, బ్లాస్టో, ట్రాకీఫిలియా 50–100 మధ్యే సుఖంగా ఉంటాయి, టార్చ్, హామర్, డంకన్‌లకు 80–150 కావాలి. ఎస్‌పీఎస్‌కు వస్తే మాంటిపోరా, బర్డ్స్‌నెస్ట్, స్టైలోఫోరా 150–250లో పెరుగుతాయి, ఆక్రోపోరాకు 250–350 లక్ష్యంగా పెట్టుకోవచ్చు. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు. ఏ షాపు నుంచి తెస్తున్నారో ఆ ట్యాంకులో ఎంత కాంతిలో ఉందో అడిగి తెలుసుకుంటే ఈ అంకెల కంటే అదే ఎక్కువ ఉపయోగం. 80 పార్‌లో పెరిగిన జోవాను (జోవాంథిడ్‌ను) తెచ్చి 200లో పెడితే ఆ జాతి 200 తట్టుకోగలదా లేదా అన్నది తర్వాతి మాట, ముందు ఆ ముక్క మాత్రం ముడుచుకుపోతుంది.

రెండో మెట్టు: ట్యాంకును కాగితం మీద మూడు అంతస్తులుగా గీయండి

పక్క నుంచి చూసినట్టు ట్యాంకు బొమ్మ వేసి, ఇసుక మట్టం, రాళ్ల మధ్యభాగం, రాళ్ల తల అని మూడు గీతలు గీయండి. ఏ పగడం ఎక్కడ కూర్చోవాలో పేర్లు రాయండి. మెత్తటి పగడాల ట్యాంకైతే ఇసుక దగ్గర 50, మధ్యలో 90, పైన 140 ఉంటే సరిపోతుంది. ఎల్‌పీఎస్, ఎస్‌పీఎస్ కలిపి పెంచేవాళ్లు ఇసుక దగ్గర 80, మధ్యలో 150, పైన 250–300 రాసుకోవాలి. లైటు కొనేది ఈ అంకెల కోసం.

రాళ్లు పేర్చేటప్పుడే లైటు గుర్తుంచుకోవాలి. రాళ్ల తల నీటి మట్టానికి నాలుగైదంగుళాల దూరంలోకి వస్తే అక్కడ కాంతి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ చోట ఏ పగడం పెట్టాలన్నా భయమే. కనీసం ఆరంగుళాలు వదలండి.

మూడో మెట్టు: ముందు విస్తీర్ణం, తర్వాతే తీవ్రత

లైటు పెట్టెల మీద గొప్పగా రాసే పార్ అంకె సరిగ్గా లైటు కింద, నడిమధ్యలో కొలిచింది. మీ పగడాలన్నీ నడిమధ్యలో కూర్చోవు. మన మూడడుగుల ట్యాంకు మీద సుమారు 60 వాట్ల ఏఐ (ఆక్వా ఇల్యూమినేషన్) ప్రైమ్ లాంటి చిన్న ఎల్‌ఈడీ ఒక్కటే వేలాడదీస్తే మధ్యలో బాగానే ఉంటుంది, రెండు కొసల్లో మాత్రం మష్రూమ్స్ తప్ప ఏవీ బతకనంతగా కాంతి పడిపోతుంది. కొసల కోసం లైటు పెంచితే మధ్యలోవి తెల్లబడతాయి. ఈ చిక్కును ఏ సెట్టింగూ తీర్చలేదు.

ఒక్క చోటు నుంచి కాంతి వచ్చే ఎల్‌ఈడీ మెత్తటి పగడాలకు రెండడుగుల చదరాన్ని, ఎస్‌పీఎస్‌కు అడుగున్నర చదరాన్ని మాత్రమే సరిగ్గా కప్పుతుందని లెక్క వేసుకోండి. కాబట్టి మూడడుగుల ట్యాంకుకు రెండు లైట్లు. ఒక పెద్ద లైటు కంటే రెండు చిన్నవి ఎప్పుడూ మేలు. కాంతి రెండు వైపుల నుంచి రావడం వల్ల కొమ్మల నీడలు తగ్గుతాయి, ఒకటి పాడైనా ట్యాంకు చీకట్లో పడదు. ఆక్రోపోరా పెరిగే కొద్దీ కింది కొమ్మలు నీడలో పడి చనిపోవడం ఒంటి లైటు ట్యాంకుల్లో తరచూ కనిపించేదే.

వాట్ల లెక్క ఎక్కడైనా పనికొస్తే ఇక్కడ, అదీ పైపై అంచనాకే. మంచి ఎల్‌ఈడీ అయితే చదరపు అడుగుకు మెత్తటి పగడాలకు సుమారు 15 వాట్లు, ఎస్‌పీఎస్‌కు సుమారు 40 వాట్లు చూసుకోవచ్చు. మన ట్యాంకు విస్తీర్ణం నాలుగున్నర చదరపు అడుగులు. మెత్తటివాటికి 70 వాట్లు, ఎస్‌పీఎస్‌కు 180 వాట్లు. వాట్లంటే పెట్టె మీద రాసింది కాదు, ప్లగ్ దగ్గర నిజంగా లాగేది. 165 వాట్ల పేరుతో అమ్మే నల్ల డబ్బా లైట్లు పూర్తిగా పెంచినా అంతకు బాగా తక్కువే లాగుతాయి. ఆ పేరు లోపలున్న 55 చిప్పులను మూడేసి వాట్లతో గుణించి పెట్టింది.

రకాల గురించి క్లుప్తంగా. మెటల్ హాలైడ్ పగడాలు పెంచడంలో పాత పులే, కానీ 150, 250 వాట్ల బల్బు కింద నీళ్లు వేడెక్కుతాయి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దాన్ని నడపాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ కరెంటు కూడా కలుపుకోవాలి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అది వద్దు.

టీ5 అనే సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులు కాంతిని సమంగా పరచడంలో ఇప్పటికీ తిరుగులేనివి. మూడడుగుల ట్యాంకుకు 39 వాట్ల ట్యూబు, పొడవు 849 మిల్లీమీటర్లు. నాలుగు ట్యూబుల ఫిక్స్చర్‌లో మూడు ఏటీఐ బ్లూ ప్లస్, ఒక కోరల్ ప్లస్ వేస్తే మెత్తటివాటికీ ఎల్‌పీఎస్‌కూ సరిపోతుంది. ఎస్‌పీఎస్‌కు ఆరు ట్యూబులు కావాలి. చిక్కంతా ట్యూబులు మార్చడంలో ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలలకోసారి మొత్తం మార్చాలి, మన దగ్గర ఆ ట్యూబులు సులువుగా దొరకవు. బయటి నుంచి తెప్పిస్తే దారిలో పగిలేవి పగులుతాయి.

ఎల్‌ఈడీల్లో నల్ల డబ్బాలు చవకలో మెత్తటి పగడాలను చక్కగా పెంచుతాయి. వాటిలో ఫ్యాన్లు, డ్రైవర్లు ముందు పోతాయి. కొనేటప్పుడు మూడు పిన్నుల ప్లగ్, ఎర్త్ ఉన్నదీ లేనిదీ చూడండి, 240 వోల్టులకు పనిచేస్తుందో లేదో లేబుల్ చదవండి. ఏఐ ప్రైమ్, ఏఐ హైడ్రా, ఎకోటెక్ రేడియాన్, కెసిల్ లాంటివి ఖరీదెక్కువ, కానీ రంగులను విడివిడిగా సర్దుకోవచ్చు, ఉదయం నెమ్మదిగా వెలిగి సాయంత్రం నెమ్మదిగా ఆరతాయి. మన ఉదాహరణ ట్యాంకులో ఎల్‌పీఎస్ దాకా రెండు ప్రైమ్‌లు సరిపోతాయి. ఆక్రోపోరా నింపాలంటే సుమారు 100 వాట్ల తరగతివి రెండు కావాలి.

నాలుగో మెట్టు: ఎత్తు, బిగింపు

లైటు నీటికి దగ్గరగా ఉంటే మధ్యలో తీవ్రత ఎక్కువ, కాంతి పరుచుకునే మేర తక్కువ. పైకి జరిపితే తీవ్రత తగ్గి ఆ మేర పెరుగుతుంది, కొంత కాంతి గది పాలవుతుంది. నీటి మట్టం నుంచి 8–12 అంగుళాల మధ్య మొదలుపెట్టండి. ఇరుకు కోణం లెన్సులున్న నల్ల డబ్బా అయితే 12–14 అంగుళాలు. మూడడుగుల్లో రెండు లైట్లంటే ఒక్కొక్కటి కొస నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర రావాలి. వెడల్పులో సరిగ్గా మధ్యకు కాకుండా ముందు అద్దం వైపు అంగుళం రెండంగుళాలు జరిపితే పగడాల ముఖం మీద కాంతి పడుతుంది, చూసేవాళ్లకు రంగులు బాగా కనిపిస్తాయి.

సొంతిల్లైతే స్లాబుకు యాంకర్ బోల్టు వేసి తీగలతో వేలాడదీయడం మంచిది. యాంకర్ లైటు బరువుకు నాలుగైదు రెట్లు మోయగలగాలి. అద్దె ఇంట్లో స్లాబుకు రంధ్రం వేస్తే ఓనరు ఊరుకోడు కాబట్టి ట్యాంకు స్టాండుకే పైపు బిగించి ఆర్మ్ పెట్టుకోండి. అద్దం అంచుకు క్లాంపు బిగించే రకాలను ఆ క్లాంపు ఎంత మందం అద్దానికి తయారుచేశారో చూశాకే వాడాలి.

వైరు ప్లగ్ దాకా నేరుగా కిందికి జారకూడదు. ప్లగ్ కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్తే, వైరు మీద జారిన ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. లైను మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్) తప్పనిసరి. ఇది లేకుండా ఉప్పునీటి ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు.

పైన మూత గాజుదైతే ఉప్పు మరకలు కాంతిని తినేస్తాయి. చేపలు దూకుతాయన్న భయముంటే సన్నటి పారదర్శక వల మూత వాడండి.

ఐదో మెట్టు: రంగులు

నీరు ఎరుపును త్వరగా పీల్చేస్తుంది. పది మీటర్ల లోతున పగడాలకు అందేది ఎక్కువగా నీలమే. జూక్సాంథెల్లేలోని క్లోరోఫిల్, పెరిడినిన్ కూడా 420–480 నానోమీటర్ల నీలాన్ని బాగా వాడుకుంటాయి. అందుకే పెరుగుదలకు ఆధారం నీలమే, తెలుపు ఎక్కువగా మన కళ్ల కోసం. రాయల్ బ్లూ, బ్లూ, వయొలెట్ చానళ్లు ఒకే స్థాయిలో పెట్టి, తెలుపును వాటిలో 15–30 శాతానికి, ఎరుపు, ఆకుపచ్చలను 5–10 శాతానికి కుదించండి. ఎరుపు, తెలుపు ఎక్కువైతే నాచు పెరుగుతుందని చెబుతారు. దానికి అసలు కారణం చాలాసార్లు నీళ్లలోని నైట్రేట్, ఫాస్ఫేట్లే.

రంగుల నిష్పత్తి ఒకసారి కుదిరాక దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత మార్చాల్సి వస్తే మొత్తం తీవ్రతను మాత్రమే మార్చండి. వారానికో ఫోరం టెంప్లేటు దించుకుని చూసేవాళ్ల ట్యాంకులో పగడాలు ఎప్పటికీ కుదురుకోవు.

ఆరో మెట్టు: కొలవండి

కంటికి నీలం కాంతి అసలు కంటే మసకగా అనిపిస్తుంది. ‘ఇంకా చీకటిగానే ఉందే’ అని పెంచుకుంటూ పోయి పగడాలను కాల్చేసేది ఇక్కడే. లక్స్ మీటరూ మన కన్ను లాగే పసుపు, ఆకుపచ్చలకే తయారైంది, నీలాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. ఒకే లైటు, ఒకే రంగు సెట్టింగు మీద ఈ నెలకూ ఆర్నెల్ల తర్వాతకూ తేడా చూడ్డానికి తప్ప దాన్ని నమ్మొద్దు.

నీళ్లలో పెట్టే అపోజీ ఎంక్యూ-510 లాంటి పార్ మీటరు మంచిది. అదే కంపెనీ పాత మోడల్ ఎంక్యూ-200 ముదురు నీలాన్ని తక్కువగా లెక్కగడుతుంది. ఒక్కరు కొనడం భారమే. విదేశాల్లో రీఫ్ క్లబ్బులు అద్దెకో అరువుకో ఇస్తాయి, ఇక్కడ నలుగురైదుగురు హాబీవాళ్లు కలిసి కొనుక్కుంటే సరిపోతుంది. ఏడాదికి రెండుసార్లు తప్ప దానితో పనుండదు.

కొలిచే రోజు టైమరు ఆపి లైటును పగటి గరిష్ఠ స్థాయిలో ఉంచండి. అలలు ఉంటే అంకె నిలవదు, వేవ్‌మేకర్లు ఐదు నిమిషాలు ఆపండి. సెన్సారు ముఖం సూటిగా పైకి ఉండాలి, కొంచెం వాలినా అంకె తప్పుతుంది. మీ తల, చేయి నీడ పడకుండా చూసుకోండి. పొడవునా ఐదు చోట్ల, ప్రతి చోటా మూడు అంతస్తుల్లో, అంటే పదిహేను అంకెలు మీరు గీసిన బొమ్మ మీదే రాయండి. ముందు, వెనుక తేడా ఎక్కువగా అనిపిస్తే రెండు వరుసలు చేయండి. ఒకే అంతస్తులో అత్యధికం, అత్యల్పానికి రెండింతలు మించితే లైటు ఎత్తు లేదా దూరం సర్దాలి, శాతాలు కాదు.

మీటరు దొరక్కపోతే? లైటును ముప్పై శాతం దగ్గర ఉంచి, ఒక జోవా ఫ్రాగ్‌ను ఇసుక మీద, ఒకదాన్ని మధ్యలో పెట్టి మూడు వారాలు వాటి ప్రవర్తన చూడండి. నెమ్మదైన పద్ధతే, కానీ పనిచేస్తుంది. పగడాల చోట్లు మార్చేటప్పుడు గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి. జోవాంథిడ్స్, ముఖ్యంగా పాలితోవాల్లో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండొచ్చు.

ఏడో మెట్టు: గంటలు, అలవాటు చేయడం

రెండు గంటలు పెరుగుతూ, ఆరు గంటలు గరిష్ఠంగా, రెండు గంటలు తగ్గుతూ మొత్తం పది గంటలు పెట్టండి. పెరిగే తగ్గే నాలుగు గంటలు రెండు నిండు గంటలతో సమానం. కాబట్టి 100 పార్ ఉన్న చోట ఎనిమిది గంటల లెక్కన రోజుకు సుమారు 2.9 మోల్స్ కాంతి అందుతుంది. ఈ రోజువారీ మొత్తం తెలిస్తే ఒక సౌకర్యం ఉంది: లైటు బలం చాలకపోతే ఒక గంట పెంచి కొంత పూడ్చవచ్చు. పన్నెండు గంటలు మాత్రం దాటొద్దు, పగడానికి చీకటీ కావాలి. రాత్రి నీలిరంగు వెన్నెల లైటు అలంకారమే.

కొత్త లైటును మీ లక్ష్యంలో సగం తీవ్రతతో మొదలుపెట్టి వారానికి ఐదు శాతం చొప్పున పెంచండి. ఆరు నుంచి పది వారాలు పట్టినా తొందరపడొద్దు. కొత్తగా తెచ్చిన పగడాన్ని ఏ జాతైనా మొదట ఇసుక మీదే పెట్టి, వారం పది రోజులకోసారి ఒక మెట్టు పైకి జరపండి.

గట్టి పగడాలు పెంచేవాళ్లు లైటు పెంచిన ప్రతిసారీ ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ) చూసుకోవాలి. కాంతి పెరిగితే అస్థిపంజరం వేగంగా కడతాయి, నీటిలోని ఆ నిల్వ అంత వేగంగానూ తరుగుతుంది. రెండ్రోజులకోసారి పరీక్షించి 8–9 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉంచండి. కాల్షియం 420–450, మెగ్నీషియం 1250–1350 పీపీఎం మధ్య ఉండాలి.

ఏదైనా తేడా వస్తే

పైన మాత్రమే తెల్లబారి, నీడ వైపు రంగు బాగుంటే కాంతి ఎక్కువైనట్టు. అన్ని వైపులా ఒకేసారి పాలిపోతే ఉష్ణోగ్రత, లవణీయత, లేదా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోవడం అనుమానించండి. జోవాలు కాడలు సాగదీసి పైకి చూస్తుంటే కాంతి చాలడం లేదు. మష్రూమ్స్ చిన్నవై రాయికి అతుక్కుపోతే ఎక్కువైంది, పల్చగా పెద్దవై గొడుగులా పైకి లేస్తే తక్కువైంది. లెదర్ కోరల్ నాలుగైదు రోజులు ముడుచుకుని మైనం లాంటి పొర వదలడం లైటు తప్పు కాదు, దాని అలవాటే.

గోధుమ రంగుకు తిరగడం దగ్గరే అందరూ పొరపడతారు. రంగు పోయింది కదా అని లైటు పెంచేస్తారు. నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా నాచు కణాలు లెక్కకు మించి పెరిగి పగడం గోధుమగానే కనిపిస్తుంది. ముందు నీళ్లు పరీక్షించకుండా లైటు పెంచితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. నైట్రేట్ 5–15, ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం మధ్య ఉంటే అప్పుడు కాంతిని అనుమానించవచ్చు.

ఏమీ మార్చకుండానే పగడాలు తెల్లబడితే యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడు మార్చారో గుర్తు చేసుకోండి. పాతబడిన నీరు పసుపుబారి నీలాన్ని మింగుతూ ఉంటుంది. కొత్త కార్బన్ ఒకేసారి వేస్తే రెండు రోజుల్లో నీరు తేటపడి, అదే లైటు కింద పార్ పెరిగిపోతుంది. చాన్నాళ్లకు లెన్సులు తుడిచినా, టీ5 ట్యూబులన్నీ ఒకే రోజు మార్చినా ఇదే జరుగుతుంది. కార్బన్ సగం సగం వేయండి, ట్యూబులు వారానికి రెండు చొప్పున మార్చండి, లెన్సులు తుడిచిన రోజు లైటు పది శాతం తగ్గించండి. తెల్లబడిన పగడాన్ని తీసేయకుండా నీడలోకి దించి, ఎల్‌పీఎస్ అయితే సన్నటి మేత పెడుతూ ఉంటే కొన్ని వారాల్లో రంగు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంటుంది.

కరెంటు, వేడి, నిర్వహణ

మన ట్యాంకుకు రెండు ఎల్‌ఈడీలు సగటున 60 వాట్లు లాగితే పది గంటలకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. ఆరు ట్యూబుల టీ5 అయితే 234 వాట్లు, రోజుకు ఎనిమిది గంటలకు నెలలో సుమారు 56 యూనిట్లు. ఐదేళ్ల మీద ఈ తేడాను లైటు ధరకు కలిపి చూసుకోండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఉండాల్సింది లైటు కాదు, వేవ్‌మేకరు. ఒకటి రెండు రోజుల చీకటిని పగడాలు తట్టుకుంటాయి, ఆక్సిజన్ లేకుండా కొన్ని గంటలు కూడా కష్టం. వేసవిలో నీరు 28 డిగ్రీలు దాటితే లైటును పావు వంతు తగ్గించండి. ఎక్కువ వేడి, ఎక్కువ కాంతి కలిసినప్పుడే తెల్లబారడం వేగంగా జరుగుతుంది. కరెంటు తిరిగొచ్చేటప్పటి వోల్టేజీ దెబ్బకు ఎల్‌ఈడీ డ్రైవర్లు పోతాయి, సర్జ్ ప్రొటెక్టరు ఖర్చుకు వెనకాడొద్దు.

రెండు వారాలకోసారి లైటు ఆపి, చల్లారాక, ఆర్‌ఓ నీటితో తడిపిన మెత్తటి గుడ్డతో లెన్సులు తుడవండి. మూడు నెలలకోసారి ఫ్యాను రెక్కల మీది ఉప్పు, దుమ్ము మెత్తటి బ్రష్షుతో దులపండి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఇది నెలకోసారి చేయాలి, గాలిలోని ఉప్పు తేమ ఫ్యాను బేరింగులను ముందే పట్టేస్తుంది. ఫ్యాను శబ్దం మారితే అది ఆగిపోయే దాకా చూడకుండా మార్చేయండి, ఫ్యాను లేని ఎల్‌ఈడీ వేడికి చిప్పులు మసకబారతాయి.